ఒంటిచెట్టు కల్లు

మనుషులకు సెలవు ఎలా గడపాలో నేర్పడం నా వృత్తి. నెల్లూరులో ట్రావెల్స్ ఆఫీసులో కూర్చున్నన్నాళ్ళూ కాశీకీ షిర్డీకీ బస్సులు పంపాను. తెల్లవారుజామున లేపడం, దర్శనానికి తరమడం, సాంబారన్నం పెట్టి మళ్ళీ బస్సెక్కించడం. వెళ్ళొచ్చినవాళ్ళు నడుం పట్టుకుని తిరిగేవాళ్ళు. ఒకసారి షిర్డీ బస్సుతో నేనే వెళ్ళి, దారిలో నాసిక్ దగ్గర ఒక ద్రాక్షతోటలో ఆగాను. అక్కడ జనం చెట్ల కింద కుర్చీల్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు వరసగా చిన్న గ్లాసులు, ఒక్కో దాంట్లో రెండు గుక్కల వైను. తాగేముందు వాసన చూస్తున్నారు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంటున్నారు. తర్వాత ఏదో తింటారు, కాసేపు తోటలో నడుస్తారు, మళ్ళీ వచ్చి కూర్చుంటారు. ఎవరికీ ఎక్కడికీ తొందర లేదు. దీనికి వాళ్ళు డబ్బు కూడా ఇస్తున్నారు. ఆ రాత్రి బస్సులో నాకు నిద్ర పట్టలేదు.

మనకు ద్రాక్షతోటలు లేవు. తాటితోపులు ఉన్నాయి. నా భార్య వనజాక్షిది వాకాడు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. వాళ్ళది కల్లు గీసే కుటుంబం. మా మామగారు పోయాక మిగిలిన ఇసుక నేలలో రెండు గదులు వేసి, ముందు పందిరి కట్టి, నేను ఆఫీసు మానేసి అక్కడికి చేరాను. పథకం అంతా నాదే. పొద్దున ఊరి పక్క సరస్సులో పడవ మీద షికారు, రాజహంసల్ని చూడటం. మధ్యాహ్నం మామిడికాయ వేసిన చేపల పులుసు, ఎండ్రకాయల వేపుడు. ఒక కునుకు. సాయంత్రం పందిరి కింద చిన్న చిన్న మట్టి ముంతల్లో కల్లు రుచులు. తెల్లవారి దించింది, మధ్యాహ్నానికి పొంగింది, నిన్నటి పులిసింది, వేటికవి విడివిడిగా. వాసన చూసి తాగాలి.

"కల్లు తాగేదానికి కూడా క్లాసు చెప్తావా?" అని వనజాక్షి నవ్వింది. కానీ వంటకు నడుం కట్టింది ఆమే.

ఆమె తమ్ముడు పెంచల్ గురించి ఇక్కడే చెప్పాలి. వాడు పాకే వయసులో ఉండగా తల్లి పోయింది. వనజాక్షి బడి మానేసి వాణ్ణి చంకనేసుకుని పెంచింది. మా పెళ్ళినాడే నాతో చెప్పింది, నువ్వు రెండోవాడివి, మా తమ్ముడి తర్వాతేనని. నాకు కోపం రాలేదు. వాణ్ణి చూస్తే ఎవరికీ కోపం రాదు. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల్లో పనిచేస్తూ, మాకు అతిథులు వచ్చినప్పుడు సెలవు పెట్టి వచ్చి చేపలు కాల్చేవాడు. తండ్రి నేర్పిన విద్య కాబట్టి చెట్టు కూడా బాగా ఎక్కుతాడు.

మార్చి నెలలో విజయవాడ నుంచి మాథ్యూ గారు వచ్చారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. భార్య రెబెక్కమ్మ గారు, ఇంకో స్నేహితుల జంట వెంట ఉన్నారు. ఆయన ఊళ్ళు తిరిగి వైను రుచి చూసినవాడు. నేను చేసేది ఆయనకు నచ్చితే నలుగురికి చెప్తాడని, చెప్తే నా పందిరి నిలబడుతుందని నా ఆశ. మొదటిరోజు అంతా బాగా జరిగింది. పడవలో ఆయన చిన్నపిల్లవాడిలా కేరింతలు కొట్టాడు. ఎండ్రకాయ డొప్ప విరవడం రాక చొక్కా నిండా మసాలా పూసుకుని, ఆ చొక్కాతోనే ఫొటోలు దిగాడు.

రెండోరోజు పొద్దున వాళ్ళను తోపులో నడిపించాను. తోపు చివర, ఇసుక మొదలయ్యే చోట, ఒక చెట్టు మిగతావాటికి దూరంగా ఉంటుంది. మాథ్యూ గారు అక్కడ ఆగిపోయారు. ముక్కు పైకెత్తి గాలి పీల్చారు. నాకూ తగిలింది. తీయటి వాసన. నిన్నటి ముంతల్లో అంత తీపి లేదు. చెట్టు మొదట్లో ఇసుక తడిసి ఉంది. తేనెటీగలు ముసురుతున్నాయి. గెలలు గీసినప్పుడు రాలే పలచటి చెక్కులు, ఇంకా తెల్లగా, తడిగా, ఇసుక మీద పడి ఉన్నాయి.

వైను తయారీలో ఒకే తోటలోని ద్రాక్షతో చేసినదానికి ప్రత్యేకమైన గౌరవం ఉంటుందట. ఈ ఒక్క చెట్టు కల్లు విడిగా రుచి చూపించగలరా అని ఆయన అడిగారు. అలా అడిగే మనిషి కోసమే నేను అన్నాళ్ళూ ఎదురుచూశాను. తప్పకుండా అన్నాను.

అనేశాక తల పైకెత్తాను. చెట్టు మీద ముంతలన్నీ బోర్లించి ఉన్నాయి.

అది ఆదెయ్య చెట్టు. వనజాక్షికి పెదనాన్న వరస. వయసులో ఉన్నప్పటినుంచీ ఆ చెట్టును ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదని చెప్పుకునేవాళ్ళు. ఆ ఏడు సంక్రాంతి దాటాక జ్వరంతో మంచం మీదే పోయాడు. ఇక్కడ గీసేవాడు పోతే ఆయన చెట్ల మీద ముంతలు బోర్లిస్తారు. ఆ ఏటి కారు కల్లు అయిపోయేదాకా వాటికి కత్తి తగలకూడదు. మరుసటి ఏడు కొబ్బరికాయ కొట్టి ఇంకొకరు తీసుకుంటారు. అంతే పద్ధతి. ఇందులో భయపెట్టేది ఏమీ లేదని నేను అనుకునేవాణ్ణి.

కానీ ఆ చెక్కులు కొత్తవి. ఎవడో దొంగచాటుగా గీస్తున్నాడు. దొంగ తాగగా లేనిది అతిథి తాగితే తప్పేముంది? నా బుర్ర ఇలాంటి లెక్కలు చాలా త్వరగా వేస్తుంది.

మాకు రోజూ కల్లు పోసే ముత్యాలయ్యను అడిగాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆదెయ్య భార్య మాలకొండమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె గడపలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. విషయం విని, కోప్పడకుండా, అర్థంకాని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఆయన ఇంకా దిగలా నాయనా. ఈ కారు పోయిందాకా ఆయన పైనే ఉంటాడు. ఆ చెట్టు జోలికి పోబాకండి."

సరే పెద్దమ్మా అని లేచి వచ్చేశాను.

మధ్యాహ్నం పెంచల్ అల్లూరు నుంచి వచ్చాడు. సంచిలో అక్క కోసం రొయ్యలు తెచ్చాడు. వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. గీసి నెల దాటితే గెలలు ఎండిపోతాయి బావా, చుక్క కూడా రాదు అన్నాడు. నేను చూసిన చెక్కుల గురించి చెప్పాను. వాడు ఒక్కటే అడిగాడు.

"పెద్దమ్మకి చెప్పినావా బావా?"

"చెప్పాను. సరేనంది."

వాడు నా మొహం కేసి చూసి తలూపాడు. నేను అబద్ధం చెప్పే మనిషినని వాడికి ఎప్పుడూ తోచలేదు. అక్కకు మాత్రం చెప్పొద్దు అన్నాను. దానికీ తలూపాడు.

మా వైపు పొద్దుపోయేటప్పుడు చీకటి సముద్రం మీద నుంచి వస్తుంది. పొలాల వైపు ఆకాశం ఇంకా ఎర్రగా ఉండగానే తోపు చివర మసక కమ్మేస్తుంది. పందిరి కింద బల్బులు వెలిగించి, అతిథుల ముందు ఖాళీ ముంతలు పేర్చి, మేమిద్దరం చెట్టు దగ్గరికి వెళ్ళాము. తేనెటీగలు లేవు. వాసన మాత్రం పొద్దుటి కంటే ఎక్కువగా ఉంది. గొంతులో దిగి అంటుకునే వాసన. పెంచల్ చెట్టుకు దణ్ణం పెట్టి, మోకును చెట్టు చుట్టూ తిప్పి నడుముకు తగిలించుకుని, కాళ్ళకు బందం వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. మోకు చెట్టును ఒరుసుకునే చప్పుడు పైకి పోతూ పోతూ ఆగింది. మట్టల్లో వాడి ఆకారం కలిసిపోయింది.

చెట్టు మీద ఉన్నవాణ్ణి కింద నుంచి పేరు పెట్టి పిలవకూడదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో నేను పిలవబోతే ముత్యాలయ్య నా నోరు మూశాడు. పిలిస్తే ఎవురు పలుకుతారో ఎవురికి తెలుసు అన్నాడు. ఏదైనా అవసరమైతే చెట్టు మొదట్లో అరచేత్తో చరుస్తారు. పైనున్నవాడు కత్తి వెనక్కి తిప్పి మట్ట మీద కొట్టి జవాబిస్తాడు. కిందనున్నవాడు, పైవాడు నేల మీద కాలు మోపేదాకా కదలకూడదు.

నేను చరిచాను. పైనుంచి టక్కుమని జవాబొచ్చింది.

తర్వాత గెల గీస్తున్న చప్పుడు. చాలా నెమ్మదిగా, తీరిగ్గా. మట్టల్లో దొంగ దాచిన ముంతను దించుకు రమ్మని వాడికి చెప్పాను గాని గీయమనలేదు. ఎందుకు గీస్తున్నాడో అర్థం కాలేదు. ఇంతలో పందిరి వైపు నుంచి మాథ్యూ గారి గొంతు వినిపించింది. ఇంకెంతసేపు మధుబాబు గారూ అని. నేను తోపు అంచు దాకా నడిచి, టార్చి ఊపి, వచ్చేస్తున్నాం సార్ అన్నాను. అంతే. ఒక మాట చెప్పి తిరిగొచ్చినంత సేపు.

తిరిగి వచ్చేసరికి పైన చప్పుడు ఆగిపోయింది.

చరిచాను. జవాబు లేదు. మళ్ళీ చరిచాను. గాలి కూడా లేదు. మట్టలు కదలడం లేదు. సముద్రం చప్పుడు ఎప్పుడూ వినిపించే చోటు అది. ఆ క్షణంలో అదీ వినిపించలేదు... వాడికేమైనా అయితే వనజాక్షికి ఏం చెప్పాలి? ఆ భయంలో నోరు జారింది.

"పెంచల్..."

"ఆ... వస్తా ఉండా బావా."

పైనుంచే. వాడి గొంతే. ఊపిరి తీసుకున్నాను. అప్పుడే నా పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు తెలిసింది. ఒంటి చెమట వాసన. చేయి నా మోచేతిని పట్టుకుంది. పెంచల్. భుజాన మోకు ఉంది. నా చెవి దగ్గర గుసగుసగా అన్నాడు.

"ఎందుకు పిలిచినావు బావా?"

నేను తల పైకెత్తబోయాను.

"నేను సగంలోనే దిగేసినా. నువ్వట్టా పొయ్యినప్పుడు. పైన ఎవురో ఉండారు... పైకి చూడబాక. పద."

పైన మట్టలు గలగలలాడాయి.

"బావా, ముంత దించుతా ఉండా. పట్టుకో."

చీకట్లోంచి తాడు కిందికి వచ్చింది. దాని చివర ముంత. నిండుగా, నురగతో, నా ఛాతీ ఎత్తున వచ్చి ఆగింది. పక్కనున్నవాడు నా చేయి గట్టిగా లాగాడు. పైనున్నవాడు నవ్వుతున్నట్టు అన్నాడు, తియ్యగా ఉంది బావా, రుచి చూసినా అని. తర్వాత గొంతు మారింది.

"బావా... నీ పక్కన ఎవురు?"

నా చేతిలో టార్చి ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు. పైకి వెలుగు వేస్తే పైనెవరో తెలుస్తుంది. పక్కకు వేస్తే పక్కనెవరో తెలుస్తుంది. నేను నొక్కలేదు. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. నేను అబద్ధం చెప్పి ఎక్కించిన మనిషి పైనే ఉంటే, వాడికోసం ఆ చెట్టు కింద నిలబడాలి. నాకు ఆ ధైర్యం లేదు. పక్కనున్నవాడి చేయి వెచ్చగా ఉంది. వాడు పద అంటున్నాడు. నాకూ పోవాలనే ఉంది. అందుకని వాణ్ణి నమ్మాను.

"బావా, యాడికి పోతా ఉండావ్? మోకు లేదు ఈడ. ఎవురో తీసేసినారు. దిగలేకుండా ఉండా... బావా..."

మేము నడిచాము. పరుగెత్తలేదు. వెనక నుంచి వాడు బావా బావా అని పిలుస్తూనే ఉన్నాడు. మొదట గట్టిగా, తర్వాత ఏడుస్తున్నట్టు. తోపు దాటేసరికి వినిపించడం మానేసింది. పందిరి వెలుగులోకి వచ్చాక చూసుకుంటే ముంత నా చేతిలోనే ఉంది. తాడు ఎప్పుడు విప్పానో నాకు తెలియదు. అంత భయంలోనూ ముంతను మాత్రం వదల్లేదు నేను.

పోశాను కూడా. అందరికీ చిన్న ముంతల్లో, నురగ పైకి తేలేలా. మాథ్యూ గారు వాసన చూసి, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. తెరిచాక ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఇంత తీపి ఎప్పుడూ తాగలేదని, కానీ ఎందుకో ఇంటికి పోవాలనిపిస్తోందని అన్నారు. రెబెక్కమ్మ గారు తన ముంతను పక్కకు జరిపి శాలువ కప్పుకున్నారు.

పెంచల్ లోపల పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు. వనజాక్షి వడ్డిస్తోంది. ఆమె అడిగినదానికల్లా వాడు నవ్వుతూ జవాబు చెప్తున్నాడు. రొయ్యల గుంటల సంగతులు, మేస్త్రీతో జరిగిన గొడవ, అన్నీ సరిగ్గానే చెప్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి వింటూ, అనుమానపడినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఇదుగో, వీడే పెంచల్. పైనున్నదే ఆ ముసలాయన. నేను చేసింది మంచి పని. ఈ మాటలు మనసులో ఎన్నిసార్లు అనుకున్నా గుండె కుదుటపడలేదు.

వనజాక్షి వంటింట్లోకి వచ్చింది. పులుసు గిన్నె కింద పెట్టింది. నా దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఏమయ్యా, మా తమ్ముడేడి?"

నేను గది వైపు చూపించాను. ఆమె అటు చూడలేదు.

"నేనడిగేది మా తమ్ముణ్ణి."

నేను తల దించుకున్నాను. ఆమెకు అంతే చాలింది. నా చేతిలోని టార్చి లాక్కుని పెరటి తలుపు తీసింది. గదిలోంచి వాడు, అక్కా, ఇంకొంచెం పులుసు పొయ్యవా అని పిలిచాడు. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ గొంతు ఆమె పెంచిన గొంతే. ఆగి, వెళ్ళిపోయింది.

నేను వెంట పరుగెత్తాను. ఆమె చెట్టు కింద నిలబడి మొదలు నుంచి చివర దాకా వెలుగు వేసి చూసింది. చెట్టు మీద ఎవరూ లేరు. కింద ఇసుకలో ఎవరూ పడి లేరు. చుట్టూ తిరిగి వెతికింది. తర్వాత చెట్టును రెండు చేతులతో కౌగిలించుకుని, తమ్ముడా తమ్ముడా అని పిలిచింది. ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. నేను ఆమె భుజం మీద చేయి వేయబోతే ఒకే మాట అంది, నన్ను తాకబాక అని. ఆ మాట ఇప్పటికీ అమల్లో ఉంది.

మాథ్యూ గారు చెప్పినట్టున్నారు, ఎండాకాలమంతా అతిథులు వస్తూనే ఉన్నారు. పెంచల్ అల్లూరు తిరిగి వెళ్ళలేదు. మా ఇంట్లోనే ఉంటాడు. మంచి పనివాడు. చేపలు కాలుస్తాడు, పడవ నడుపుతాడు, అతిథుల పిల్లల్ని ఎత్తుకుని ఆడిస్తాడు. వాడిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఊళ్ళోవాళ్ళకు ఏమీ తెలియదు. మాలకొండమ్మ మాత్రం వాడు ఎదురైతే తలమీద కొంగు కప్పుకుని పక్కకు తప్పుకుంటుంది, మొగుడు ఎదురొస్తే తప్పుకున్నట్టు.

వనజాక్షి రోజూ సాయంత్రం రెండు పళ్ళేల్లో అన్నం పెడుతుంది. ఒకటి ఇంట్లో. రెండోది విస్తరాకు కప్పి తోపులోకి తీసుకెళ్తుంది. ఖాళీ పళ్ళెం తెల్లారి తెచ్చుకుంటుంది. కుక్కలు తింటున్నాయని నేను ఒకసారి అన్నాను. ఆమె పళ్ళెం కడిగి బోర్లించింది.

నిన్న ఆమెకు ఒళ్ళు బాగోలేదు. మంచం మీద నుంచే పళ్ళెం వైపు చూపించింది. నేను తీసుకెళ్ళాను. పొలాల వైపు ఇంకా వెలుతురు ఉంది. చెట్టు మొదట్లో పళ్ళెం పెట్టి, వెంటనే వెనక్కి తిరిగాను. పైన మట్టలు మెల్లగా కదిలాయి. గాలి అనుకున్నాను.

"బావా..."

తిట్టు వస్తుందని కాచుకున్నాను. ఏడుపైనా వస్తుందనుకున్నాను. వచ్చి ఉంటే బాగుండేది. వాడి గొంతు బాగా నీరసించి ఉంది, కానీ మామూలుగానే ఉంది, పండగకు ఇంటికి వచ్చి అడిగినట్టే.

"ఈ పొద్దు అక్క రాలేదేంది బావా? బాగుందా?"

బాగుందని చెప్పాను. తల మాత్రం ఎత్తలేదు.